పుక్కిలించమని ఒక్కరూ చెప్పలేదు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు వక్తలు చదివారు, నేను మళ్లీ చదవను. నాకిచ్చింది పది నిమిషాలు.

మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం. ఏటా మన పెన్షనర్ల సంఘానికి ఛాతీ డాక్టరు గారు వచ్చి మాట్లాడేవారు. ఈసారి లెక్కల మాస్టారు చిగుళ్ల మీద మాట్లాడతాడట అని వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. నవ్వుతూ పక్కవాళ్ల పళ్లు చూడండి, గార కనిపిస్తుంది.

మా ఆవిడకి ఉబ్బసం. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం క్యూ కట్టాం. జనం నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లని మింగుతుంటే, మేం శాకాహారులం కదా, మా ఆవిడ ఆ మందు బెల్లంలో పెట్టించుకుంది. మూడేళ్లు వరసగా వెళ్లాం. ఆ క్యూ కథ మొదలుపెడితే పది నిమిషాలు చాలవు, వదిలేస్తాను.

చివరికి ఆమెని నిలబెట్టింది ఇన్‌హేలరే. స్టెరాయిడ్ అని భయపడి మానకండి. నా బాధ వేరు. ఏడేళ్లు ఒకే ఆసుపత్రికి తిరిగాం. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలని ఒక్కరూ చెప్పలేదు! నాలుక మీద తెల్లటి పూత. గొంతు బొంగురు. రాత్రంతా నోటితో ఊపిరి తీస్తే తెల్లారేసరికి నోరు పిడచకట్టేది. బ్రష్ చేస్తే రక్తం. నేనేమో వేడి చేసిందని మజ్జిగ తాగించాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి రెండు పళ్లు ఊగుతున్నాయి.

నోట్లో తడి తగ్గితే పాచి నిలుస్తుంది, ముదిరితే గార అవుతుంది. అది బ్రష్‌కి లొంగదు. చిగురు పన్నుని వదిలేసి సంచిలా జారుతుంది, అందులో క్రిములు కాపురం పెడతాయి. నిద్రలో ఉమ్మి తుంపరలతో పాటు అవి ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. చిగుళ్ల జబ్బు, ఉబ్బసం ఒకే మనిషిలో కనిపించడం ఎక్కువేనని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఏది దేనికి కారణమో తేలలేదు. రెండూ కలిసి కనిపించాయని ఒకటి రెండోదానికి కారణమనేస్తే నా క్లాసులో సున్నా వేసేవాణ్ని.

క్లీనింగ్ చేయించాక ఆయాసం తగ్గిందా అని అడుగుతారు. రాత్రి దగ్గు తగ్గింది. కానీ అదే నెలలో ఇన్‌హేలర్‌ని స్పేసర్‌తో, అంటే దానికి తగిలించే గొట్టంతో, పీల్చడం కూడా నేర్చుకుంది. దేనివల్ల తగ్గిందో ఎలా చెప్పను? గార తీయిస్తే ఇన్‌హేలర్ అక్కర్లేదని ఎవరన్నా నమ్మకండి.

ఒకటి మరిచిపోయాను. పళ్ల డాక్టరుకి ఉబ్బసం ఉందని ముందే చెప్పండి. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు కొందరు ఆస్తమా వాళ్లకి పడవు, ఆయాసం ముంచుకొస్తుంది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క నిమిషం సార్. జేబులో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఏడుగురు. పీల్చాక పుక్కిలించేవాళ్లు ఎత్తిన చేయి దించకండి... ఇద్దరేనా! మిగతా ఐదుగురూ టీకి వెళ్లేముందు నన్ను కలవండి. మెట్ల పక్కన కుళాయి ఉంది, అక్కడే ఉంటాను.