ఎపిసోడ్ 41: మళ్లీ తీన్ మూర్తికే పోయావా

అక్క: రికార్డ్ అవుతోందా? ఆ, ఎర్ర లైట్ వచ్చింది. అందరికీ నమస్కారం. పోయినసారి స్టూల్ గురించి మెయిల్స్ రాసినవాళ్లకి ఇంకో నమస్కారం, ఇక ఆపేయండి.

తమ్ముడు: ఆపకండి, రాస్తూనే ఉండండి.

అక్క: నోర్ముయ్. ఇవాళ సైన్యం మీద పౌర ప్రభుత్వం పెత్తనం గురించి. 1947 నుంచి రక్షణ మంత్రులందరినీ వరసగా చూద్దామని మనవాడు చార్టు కూడా రాసుకొచ్చాడు.

తమ్ముడు: చార్టు తర్వాత, ముందు ఇల్లు.

అక్క: వద్దు.

తమ్ముడు: రెండే నిమిషాలు అక్కా. ఢిల్లీలో తీన్ మూర్తి భవన్ ఎవరికోసం కట్టారు? బ్రిటిష్ వాళ్ల కమాండర్-ఇన్-చీఫ్, అంటే సైన్యాధిపతి కోసం. వైస్రాయ్ తర్వాత అంతటివాడు, వైస్రాయ్ కౌన్సిల్లోనూ కూర్చునేవాడు. 1948లో ఆ ఇంట్లోకి నెహ్రూ దిగారు. పైచెయ్యి ఎవరిదో చెప్పడానికి చట్టం ఎందుకు, సామాన్ల లారీ ఏ గుమ్మం ముందు ఆగిందో చూస్తే చాలదా? 1955లో ఆ కమాండర్-ఇన్-చీఫ్ అన్న పేరు కూడా తీసేసి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ అన్నారు.

అక్క: ఇదే ముక్క పార్లమెంట్ ఎపిసోడ్‌లో చెప్పాడు, నీళ్ల ట్యాంకుల ఎపిసోడ్‌లోనూ చెప్పాడు. సరే, లిస్టు. బల్‌దేవ్ సింగ్, గోపాలస్వామి అయ్యంగార్, కట్జూ, మధ్యమధ్యలో నెహ్రూ తానే, 1957లో కృష్ణ మీనన్. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం.

తమ్ముడు: ఇక్కడ ఆగితే రాత్రికి గానీ లేవం.

అక్క: 1959 ఆగస్టు 31. ఆర్మీ చీఫ్ తిమ్మయ్యకీ మీనన్‌కీ ప్రమోషన్ల దగ్గర బాగా చెడింది, రాజీనామా రాసిచ్చేశాడు. నెహ్రూ పిలిచి బుజ్జగించి వెనక్కి తీయించారు. మళ్లీ సెప్టెంబర్ 2న పార్లమెంట్‌లో లేచి పౌర ప్రభుత్వానిదే పైచెయ్యి అని చెప్పి తిమ్మయ్యనే తప్పుపట్టారు. గదిలో బతిమాలి వీధిలో మందలిస్తే ఆ మనిషికి ఎట్లా ఉంటుంది?

తమ్ముడు: మరేం చెయ్యాలి? జనరల్ అలిగాడని మంత్రిని మార్చాలా? పక్కన పాకిస్తాన్‌లో 1958 అక్టోబర్‌లోనే సైన్యాధిపతి అయూబ్ ఖాన్ దేశాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఏడాది కూడా కాలేదు. నెహ్రూకి టెన్షన్ ఉండదా?

అక్క: రాజీనామా తిరుగుబాటు ఎట్లా అవుతుందిరా? తుపాకులన్నీ చేతిలో ఉన్నవాడు నాకు పొసగట్లేదు, ఇంటికి పోతానంటే అంతకంటే మర్యాద ఏముంది?

తమ్ముడు: అయితే ఇంటికి పోవాలిగా. వెనక్కి తీసుకుని 1961 దాకా అదే కుర్చీలో కూర్చున్నాడు.

అక్క: ...అది నాకూ నచ్చదు. కానీ మీనన్ సంగతి చూడు. మంత్రి సైన్యాన్ని అదుపులో పెట్టాలి, నిజమే. ఈయనకి అదుపంటే మనవాడెవడు, కానివాడెవడు అని ఏరుకోవడం. జనరల్ మానెక్‌షా మీద విచారణ వేశారు, అది నిలవలేదు. యుద్ధంలో దళాన్ని నడిపిన అనుభవం పెద్దగా లేని జనరల్ కౌల్ చేతికి 1962 అక్టోబర్‌లో చైనా సరిహద్దులోని నాలుగో కోర్ అనే పెద్ద దళాన్ని ఇచ్చారు. ఆయన నేఫా, అంటే ఇప్పటి అరుణాచల్, కొండల మీద జబ్బుపడి ఢిల్లీ వచ్చి మంచం మీద నుంచి ఆర్డర్లు! 20న చైనా వాళ్లు దిగారు.

తమ్ముడు: కౌల్‌ని వేసింది మీనన్ ఒక్కడేనా? నెహ్రూకీ ఇష్టుడే, చీఫ్ థాపర్ తలూపాడు. తలూపిన జనరల్‌ని నువ్వెప్పుడూ ఒక్క మాట అనవు.

అక్క: కాదనేవాళ్లని ముందే పక్కన పెడితే ఇక తలూపేవాళ్లే కదరా మిగిలేది! 1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీద యుద్ధానికి చీఫ్ మానెక్‌షా ఇప్పుడు కాదన్నాడు, ఇందిరా గాంధీ విన్నది. వినీ నిర్ణయం తనే తీసుకుంది.

తమ్ముడు: ఆ కథ మానెక్‌షా చెప్పినప్పుడల్లా కొంచెం పెరుగుతూ వచ్చిందిలే. నాకు 1965 ఇష్టం. సెప్టెంబర్ 1న జమ్మూ వైపు ఛంబ్‌లో మనవాళ్లు ఇబ్బందుల్లో ఉంటే విమానాలు కావాలని అడిగారు, రక్షణ మంత్రి చవాన్ అప్పటికప్పుడు సరే అన్నారు. ఏ పైలట్ ఎటు పోవాలో మాత్రం చెప్పలేదు. 1962 దెబ్బకి నేర్చుకున్నది అదే, యుద్ధం నడపడం మీది, మిగతా ఫైళ్లు మావి.

అక్క: ఆ మిగతా ఫైళ్ల సంగతి నాన్నని అడుగు.

తమ్ముడు: అబ్బా, ఆ సంగతి ఎత్తకు.

అక్క: ఎత్తుతాను. నాన్న బకాయిల గురించి వచ్చిన ఆ మడతలు పడ్డ కాగితంలో ఇంగ్లీషులో ఏముంది? రాష్ట్రపతి మంజూరు తెలియజేయవలసిందిగా నన్ను ఆదేశించారు అని. కింద సంతకం ఎవరో అండర్ సెక్రటరీది. నాన్న కళ్లజోడు పైకి తోసుకుని, రాష్ట్రపతి గారు నా ఫైలు చూశారంటే అని అడిగారు. నువ్వు నవ్వావు.

తమ్ముడు: నవ్వాను. అప్పుడు తెలీదు కదా. సుప్రీం కమాండ్ రాష్ట్రపతిదేనని ఆర్టికల్ 53లో ఉంది. నాన్న ఒకరకంగా కరెక్టే అడిగారు.

అక్క: బకాయిలు మాత్రం మూడేళ్లకి వచ్చాయి.

తమ్ముడు: ఊ.

అక్క: ...సరే, చార్టు. తొందరగా కానీ.

తమ్ముడు: జగ్‌జీవన్ రామ్, 1971. 1981లో మన కె.వి. కృష్ణారావు గారు చీఫ్ అయ్యేసరికి ఈ శాఖ ఇందిర దగ్గరే ఉంది. పీవీ 1985లో కొన్ని నెలలు, ప్రధాని అయ్యాక 1993 నుంచి మళ్లీ. ఫెర్నాండెజ్, స్నో స్కూటర్ల ఫైలు తొక్కిపెట్టిన అధికారుల్ని మంచుకొండల్లోని సియాచిన్ చూసి రమ్మని పంపించారంటారు.

అక్క: అదీ! ఆయన ఫొటో నాన్న దగ్గర పెట్టాలి.

తమ్ముడు: ఆయన ఉండగానే 1998లో నేవీ చీఫ్ భగవత్‌ని తీసేశారు, అది మర్చిపోకు. 2012లో ఆర్మీ చీఫ్ వి.కె. సింగ్ పుట్టినతేదీ కోసం సుప్రీం కోర్టుకి వెళ్లారు. 2020 జనవరి 1 నుంచి మూడు దళాల మధ్య సమన్వయానికి సీడీఎస్ అనే పదవి, ఆయన కింద కొత్త శాఖ. అంటే యూనిఫామ్ వేసుకున్నాయనే ఒక శాఖకి సెక్రటరీ. మొదటిసారి. 

అక్క: ఇది కదా మాట్లాడాల్సింది! పెత్తనం సడలిందా, బిగిసిందా?

తమ్ముడు: అది చెప్పాలంటే ముందు ప్రొటోకాల్ వరస చూడాలి. కేబినెట్ సెక్రటరీ 11, దళాధిపతులు 12. అదే బ్రిటిష్ రోజుల్లో అయితే ఆ ఇంట్లో ఉన్నాయన...

అక్క: మళ్లీ ఇల్లు!

తమ్ముడు: ఒక్క మాటే. తీన్ మూర్తిలో...

అక్క: ఆపేస్తున్నా. ఈ బటన్ ఏదిరా, ఇదేనా...