గేట్‌కీపర్ ఐచ్ఛికమే, కానీ ఐదో కాల్ మాటేమిటి?

అందరికీ నమస్కారం.

1996లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నెట్‌వర్క్ మీద వీడియో కాల్స్ ఎలా నడవాలో చెప్పే హెచ్.323 ప్రమాణాన్ని ఆమోదించింది. నాణ్యతకు హామీ లేని లోకల్ నెట్‌వర్కుల కోసం తయారైనదని దాని తొలి పేరులోనే ఉంది. కాల్స్‌ని అదుపు చేసే ప్రోగ్రాం, అంటే గేట్‌కీపర్, అవసరం నాకు అర్థమైంది ఆ ‘హామీ లేని’ అన్న మాట దగ్గరే.

ప్రమాణం ప్రకారం గేట్‌కీపర్ లేకపోయినా పర్వాలేదు. అవతలివాళ్ల ఐపీ అడ్రస్ తెలిస్తే నేరుగా 1720 పోర్టుకు కాల్ చేయొచ్చు. మైక్రోసాఫ్ట్ వారి పాత కాలింగ్ ప్రోగ్రాం నెట్‌మీటింగ్ రోజుల్లో చాలామంది అలాగే మాట్లాడుకున్నారు. కానీ ఒకసారి గేట్‌కీపర్ దగ్గర నమోదయ్యాక పరికరం దాని మాట వినాల్సిందే. పేరు చెబితే అడ్రస్ వెతికిపెట్టేది అదే, కాల్‌కి అనుమతి ఇచ్చేదీ అదే. అనుమతి దొరికాక మాటా బొమ్మా దాని గుండా పోనక్కర్లేదు, రెండు పరికరాల మధ్యే నడుస్తాయి.

నేను మొదట్లో పనిచేసిన చోట రెండు ఆఫీసుల మధ్య 2 ఎంబీపీఎస్ లైను ఉండేది. వీడియో కాల్ 384 కేబీపీఎస్. ప్యాకెట్ల హెడర్లు కూడా కలిపితే 450 దాటుతుంది. అంటే నాలుగు కాల్స్ ఇరుకుగా పడతాయి. గేట్‌కీపర్ ఎందుకులే అనుకున్నాం. ఒకరోజు ఎవరో ఐదో కాల్ కలిపారు. ఆ ఒక్కటే చెడిపోయి ఉంటే బాధ లేదు. ఐదు తెరల మీదా బొమ్మ ఆగిపోయింది, గొంతులు ముక్కలు ముక్కలుగా వినపడ్డాయి. మాటా బొమ్మా వెళ్లేది యూడీపీ అనే పద్ధతిలో, అందులో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపే ఏర్పాటు ఉండదు మరి. ఆ రోజు మీటింగ్‌లో ఉన్నవాళ్ల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

గేట్‌కీపర్ ఉంటే ఐదో పరికరం ముందుగా 1719 పోర్టుకు ఏఆర్‌క్యూ పంపుతుంది, అంటే ‘కాల్ చేయనా?’ అని అడుగుతుంది. అందులో 7680 అని ఉంటుంది. 384 కేబీపీఎస్‌ని సెకనుకు వంద బిట్ల లెక్కన, రెండు దిశలూ కలిపి చెప్పే అంకె అది. హెడర్లు ఇందులో చేరవు, కాబట్టి పరిమితి పెట్టేవాళ్లే ఆ జాగా వదలాలి. 31000 దగ్గర ఆపితే నాలుగు కాల్స్‌కి 30720 సరిపోతుంది. ఐదోదానికి ఏఆర్‌జే వస్తుంది, అంటే ‘కుదరదు’ అన్న జవాబు. ఒకరికి కాల్ దొరకదు, నలుగురి మాట నిలుస్తుంది. నాకు ఇదే న్యాయం అనిపిస్తుంది.

అయితే అడిగినవాటినే అది లెక్కపెడుతుంది. నమోదు కాకుండా నేరుగా డయల్ చేసే పరికరం గానీ, అదే లైను మీద పెద్ద ఫైలు దించుకునే కంప్యూటర్ గానీ దాని లెక్కలోకి రావు. వాటి సంగతి రౌటర్‌లో చూసుకోవాలి.

ఇక ఈ తెర చూడండి. గ్నూ గేట్‌కీపర్ అనే ఉచిత గేట్‌కీపర్ ప్రోగ్రాం 7000 పోర్టు మీద జరిగేదంతా వరుసగా చూపిస్తుంది. నాలుగు కాల్స్ నడుస్తున్నాయి. వెనక వరుసలో కూర్చున్న బాబూ, ఐదోది నువ్వు కలుపు.