దేవుణ్ని వండుకు తిన్నవాళ్లు

[తెర మీద: పసిఫిక్ సముద్రంలోని సమోవా దేశం, సవాయీ దీవి. కొబ్బరిచెట్ల వెనక పొద్దు గుంకుతోంది. టంగ్... టంగ్... అని చప్పుడు.]

ఈ మోగేది చర్చి గంట కాదండీ, ఖాళీ గ్యాస్ సిలిండర్! చెట్టుకు వేలాడదీసి కడ్డీతో కొడతారు. పల్లెల్లో సాయంత్రం ప్రార్థన వేళ ఇది. పేరు 'సా'. ఓ పావుగంట పాటు ఎవరూ రోడ్డు మీద తిరగకూడదు. తిరిగితే ఊరి మగవాళ్లు ఆపేస్తారు. ప్రార్థన క్రైస్తవులదే. 'సా' అన్న మాట మాత్రం పాతది. పవిత్రం అన్నా అదే, ముట్టుకోకూడనిది అన్నా అదే.

[పాత ఓడ బొమ్మ]

1830లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ విలియమ్స్ ఇక్కడ దిగాడు. అవును, 1805లో మన విశాఖపట్నం వచ్చిన సొసైటీయే. అదృష్టం చూడండి, దేవుడు పూనినవాడని జనం వణికిపోయే తమఫైంగాని ఆయన రావడానికి కొద్దిరోజుల ముందే చంపేశారు. పైగా ఇక్కడి పెద్ద నాయకులైన మాలియెటోవా వంశానికి పరలోకం నుంచి రాజ్యం వస్తుందని యుద్ధదేవత నఫనువా ఎప్పుడో చెప్పిందట. దాంతో కొత్త మతం ఆవిడ మాట నిలబెట్టినట్టయింది!

అప్పట్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో 'అయిటు'. ఆ దేవుడు గుడ్లగూబలోనో, ఈల్ చేపలోనో, ఆక్టోపస్‌లోనో ఉంటాడు. ఆ ఇంటివాళ్లు దాన్ని తినరు. పక్కింటివాళ్లకు మాత్రం అది మామూలు కూరే. అందుకే మతం మారినవాళ్లు విగ్రహాలు పగలగొట్టలేదు, తమ దేవుణ్ని వండుకుని తిన్నారు. అలా చేప తిన్న కొందరు కుర్రాళ్లకు భయం పట్టుకుంది. లోపలికి వెళ్లిన దేవుడు పేగులు కొరికేస్తాడేమోనని కొబ్బరినూనె, ఉప్పునీళ్లు కలిపి తాగి కక్కేశారట. విలియమ్సే రాసుకున్నాడు. నాకైతే ఉపన్యాసాలన్నిటికంటే ఈ కక్కడంలోనే ఆనాటి టెన్షన్ బాగా కనిపిస్తుంది.

[తెర మీద ఒకే మాట: ఫెయంగాయింగా]

అసలు మార్పు ఇక్కడుంది. అన్నదమ్ములకు అక్కచెల్లెళ్లతో ఉండే పవిత్రమైన ఒప్పందాన్ని, ఆ ఆడపడుచునీ ఇలా పిలిచేవాళ్లు. ఆమె శపిస్తే తగులుతుందని భయం, అందుకే అంత గౌరవం. తర్వాత ఊరి పాస్టర్‌నీ అదే మాటతో పిలవడం మొదలైంది. ఇల్లు, భోజనం, తొలి మర్యాద ఆయనకే. ఆడపడుచు మర్యాదలో పెద్దవాటా పాస్టర్ పట్టుకుపోయాడనే అంటాను నేను.

రాత్రి నాట్యాలను మిషనరీలు అణిచేశారు. పచ్చబొట్టును మాత్రం మాన్పించలేకపోయారు. నడుము నుంచి మోకాళ్ల దాకా పొడిచే 'పెఆ' ఇప్పటికీ ఉంది.

మరి అయిటు? దయ్యం అయిపోయాడు. బైబిల్ దేవుడికి 'అటువా' అన్న పాత పేరే దక్కింది. చీకటి పడ్డాక జుట్టు విరబోసుకుని అద్దం ముందు కూర్చోకని ఆడపిల్లలను అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ కోప్పడతారు, సౌమయియాఫె అనే ఆడదయ్యం పడుతుందని. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేదీ ఆ పెద్దవాళ్లే.