సముద్రపు నీళ్లా, సాల్ట్ మిక్సా? మెరైన్ ట్యాంక్‌లో ఏది పోయాలి?

నమస్కారం. టేబుల్ మీద రెండు గాజు జాడీలున్నాయి, చూడండి. ఎడమ పక్కన సముద్రం నుంచి తెచ్చిన నీళ్లు. కుడి పక్కన ఆర్వో డీఐ నీళ్లలో, అంటే వడగట్టి లవణాలు తీసేసిన నీళ్లలో కలిపిన సాల్ట్ మిక్స్, అంటే సముద్రపు జీవుల ట్యాంక్‌ల కోసం ప్యాకెట్లలో అమ్మే ఉప్పుల మిశ్రమం. కంటికి తేడా కనబడదు. ఇంట్లో మెరైన్ ట్యాంక్, అంటే సముద్రపు చేపలూ పగడాలూ పెంచే అక్వేరియం పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది మాత్రం సాల్ట్ మిక్సే. ఎందుకో చూద్దాం.

ఒడ్డుకు దూరంగా నడిసముద్రపు నీళ్లలో ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35), కాల్షియం 410 పీపీఎం (పది లక్షల పాళ్లలో 410), మెగ్నీషియం 1,300 పీపీఎం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 7 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) చుట్టూ ఉంటాయి. పగడాలకు అంతకన్నా మంచి నీళ్లు లేవు. కానీ ఒడ్డున బకెట్ ముంచితే ఆ లెక్కలు దొరకవు. నది కలిసే చోటా, వాన పడ్డాకా ఉప్పు పడిపోతుంది. హార్బర్ దగ్గరైతే డీజిల్, పడవల రంగులోంచి దిగే రాగి. రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ ఆ రాగి కొంచెం చాలు, చచ్చిపోతాయి.

పైగా ఆ నీళ్లలో కంటికి కనిపించని ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఉంటుంది. మూత బిగించిన క్యాన్‌లో అది చచ్చి, కుళ్లి, ఆక్సిజన్ లాగేసి అమ్మోనియా వదులుతుంది. మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆ క్యాన్ మొత్తం పారబోయండి. నిల్వ పెట్టాలంటే 5 మైక్రాన్ల ఫిల్టర్ సంచిలో వడగట్టి, చీకట్లో ఎయిర్‌స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఆడిస్తూ రెండు మూడు వారాలు ఉంచాలి. అమ్మోనియా సున్నా, ఉప్పు 35 అని ప్రతి క్యాన్‌కీ విడిగా టెస్ట్ చేయాలి. 20 లీటర్ల క్యాన్ 20 కిలోల పైనే తూగుతుంది, అదీ లెక్కేసుకోండి.

ఇక సాల్ట్ మిక్స్. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) సున్నా చూపించే నీళ్లే వాడండి. కుళాయి నీళ్లలోని ఫాస్ఫేట్, సిలికేట్ వల్లే ఇసుక మీద గోధుమరంగు నాచు పరుచుకుంటుంది. 20 లీటర్ల నీళ్లలో పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే చిన్న పంపు) వేసి, 25 డిగ్రీలకు తెచ్చి, 700 గ్రాముల ఉప్పు గుప్పెడు గుప్పెడుగా వేయండి. కరిగాక కొలిచి, తక్కువైతే కాస్త కాస్త కలుపుకుంటూ 35కి తీసుకురండి.

వరస తప్పితే ఏమవుతుందో ఈ మూడో జాడీలో చూడండి. ఇందులో ముందు ఉప్పు వేసి, పైన నీళ్లు పోశాం. అడుగున తెల్లగా సున్నంలా పేరుకుంది కదా? అది కాల్షియం కార్బొనేట్. ఎంత తిప్పినా మళ్లీ కరగదు. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ పడిపోయినట్టే. ఈ నీళ్లు ట్యాంక్‌లో పోయకండి.

కొన్ని మిక్స్‌లు 8 డీకేహెచ్ ఇస్తాయి, కొన్ని 11, 12 దాకా పోతాయి. మీ ట్యాంక్ 8లో నడుస్తుంటే, 12 ఉన్న నీళ్లు ఒక్కసారే సగం మార్చేస్తే పగడాలు తట్టుకోలేవు. ప్యాకెట్ కొనేముందే ఆ అంకె చూడండి. తెరిచిన ప్యాకెట్‌కి గాలి తగలనివ్వకండి, చెమ్మ పీలిస్తే ఉప్పు గడ్డ కడుతుంది.

"వంటకు వాడే సముద్రపు ఉప్పూ సముద్రంలోంచి వచ్చిందేగా" అంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. సముద్రపు నీళ్లు ఎండుతున్నప్పుడు ముందు కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం, ఆ తర్వాత సోడియం క్లోరైడ్ దిగుతాయి. మెగ్నీషియం, పొటాషియం చాలావరకు చివర మిగిలే చేదు నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ ఉప్పు తిరిగి కరిగిస్తే వచ్చేది ఉత్త ఉప్పునీళ్లే.

రెండింట్లో ఏది వాడినా రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పు కొలిచే పరికరం) 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. వారానికి పది శాతం నీళ్లు మార్చండి, కొత్త నీళ్ల ఉప్పూ వేడీ ట్యాంక్‌తో సమానంగా ఉండాలి. మధ్యలో ఆవిరై తగ్గిన మేరకు మాత్రం ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయండి. ఆవిరిలో నీరే పోతుంది, ఉప్పు ట్యాంక్‌లోనే ఉంటుంది.