నేత్రదానం కార్డు చింపేయండి... అవును, మళ్ళీ అదే అంటున్నా!

పోయిన వీడియోలో "నేత్రదానం ప్రతిజ్ఞ కార్డు చింపేయండి" అన్నానని కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. ఒకాయనైతే "నీ కళ్ళు పోను" అని పెట్టాడు. కళ్ళు లేనివాళ్ళ గురించి మాట్లాడితే కళ్ళు పోవాలని శాపమా గురూ! సరే, తిట్టించుకున్నా కదా, ఇంకోసారి చెప్తా. చింపేయండి.

మా పెదనాన్నకి ఉండేది ఆ కార్డు. ఏదో క్యాంపులో సంతకం పెట్టి, లామినేషన్ చేయించి మరీ దాచుకున్నాడు. ఆయన పోయిన రోజు ఇంట్లో నలభై మందిమి ఉన్నాం. ఐస్ బాక్స్‌కి ఫోన్ చేశాం. షామియానా అతనికి చేశాం. పంతులుగారికి చేశాం. డాలస్‌లో ఉన్న అన్నయ్యకి చేశాం. దానమిచ్చిన కళ్ళు తీసుకునే ఐ బ్యాంక్‌కి మాత్రం ఒక్కడూ చెయ్యలేదు. పెద్దకర్మ రోజు బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కోసం వెతుకుతుంటే వాటి కింద తళతళలాడుతూ దొరికింది కార్డు. కంటి ముందుండే అద్దంలాంటి పొర, అదే కార్నియా, తీసుకోవాల్సింది మనిషి పోయిన ఆరు గంటల్లోపు. మేం పదకొండో రోజు చూశాం!

అందుకే అంటున్నా, నేత్రదానం చేసేది పోయినవాళ్ళు కాదు, ఉన్నవాళ్ళు. ఆ రోజు ఇంట్లో ఫోన్ తీసేవాడు. మీ దగ్గర వంద కార్డులున్నా మీవాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టకపోతే ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. అసలు కార్డే లేకపోయినా మీవాళ్ళు సరే అంటే తీసుకుంటారు. ఇక కార్డు దేనికయ్యా? అమెరికాలో ఉన్న తమ్ముళ్ళూ, ఆగండాగండి. మీ డ్రైవింగ్ లైసెన్స్ మీద డోనర్ అని ఉంటే అక్కడ అది చట్టప్రకారం సమ్మతి. ఇక్కడ అలా నడవదు.

సినిమావాళ్ళ పేరు చెప్తే గానీ చూడరుగా, చెప్తా వినండి. మొదటి హిందీ టాకీ, మొదటి తెలుగు టాకీ, మొదటి తమిళ టాకీ, మూడింట్లోనూ నటించిన మనిషి ఎల్.వి. ప్రసాద్. ఆయన ఇచ్చిన విరాళంతో 1987లో హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు కంటి ఆస్పత్రి మొదలుపెట్టారు. అక్కడ సగం మందికి పైగా పైసా కట్టకుండానే వైద్యం చేయించుకుంటారు. 1989లో అక్కడే రామాయమ్మ ఐ బ్యాంక్ వచ్చింది. ఇప్పటికి 50,000కి పైగా కార్నియా మార్పిళ్ళు చేశారు. అన్ని కార్నియాలు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నారు, పోస్టర్లు అంటిస్తేనా? పెద్దాస్పత్రుల్లో మనుషుల్ని పెట్టారు. ఎవరైనా పోతే, ఆ ఏడుపుల మధ్యే, కుటుంబం దగ్గరికెళ్ళి మెల్లగా కూర్చుని అడగడమే వాళ్ళ పని. అడిగారు కాబట్టి ఇచ్చారు! మనవాళ్ళు పిసినారులు కాదండీ, మనల్ని అడిగే దిక్కు లేదు. ఇది నా సిద్ధాంతం. కాదనేవాళ్ళు రండి, తేల్చుకుందాం.

కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్‌నే చూడండి. ఆయన పోయింది 2021 అక్టోబర్ 29న. కర్ణాటక అంతా గుండెలు బాదుకుంటోంది. ఆ గోలలో కూడా ఆ ఇంటివాళ్ళు కళ్ళ సంగతి మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోతారు, 2006లో తండ్రి రాజ్‌కుమార్ కళ్ళూ ఇచ్చిన ఇల్లది. ఆ ఇంట్లో అదొక అలవాటు. డాక్టర్లు ఆ రెండు కార్నియాల్ని ముందు పొర, వెనక పొర అని విడదీసి నలుగురికి చూపు తెప్పించారు. రెండు కళ్ళతో నలుగురికి!

ఇంతకీ కార్నియా అంటే? మన పుస్తకాల్లో "శుక్లపటలం" అని రాసి చంపారు. శుక్లం వేరు, ఇది వేరు. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొర, అరమిల్లీమీటరు మందం. పొలంలో వరి ఆకు గీరుకున్నా, సున్నం పడినా అక్కడ తెల్లగా మచ్చ కడుతుంది. ఊళ్ళో "కంట్లో పువ్వు పడింది" అంటారే, అదే. ప్రపంచంలో సక్సెస్ అయిన మొట్టమొదటి కార్నియా మార్పిడి ఆపరేషన్, 1905లో డాక్టర్ జిర్మ్ చేసింది, సున్నం పడి కళ్ళు కాలిన కూలీకే. మీరేమో కిళ్ళీ సున్నం ప్యాకెట్టు పిల్లాడి చేతికిచ్చి ఆడుకోమంటారు. ఆ వీడియో వేరే చేస్తా, నా బీపీ పెరుగుతోంది.

"కళ్ళిచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతాడట" అని ఒక మేడమ్ రాశారు. అమ్మా, మన తిన్నడు ఏం చేశాడు? శ్రీకాళహస్తిలో శివుడి కంట్లో రక్తం చూసి తన కన్ను బాణంతో పెకలించి పెట్టాడు. రెండోది పెట్టేటప్పుడు ఆనవాలు తెలియదని లింగం మీద కాలి బొటనవేలు ఆనించాడు. ఆయన్ని కన్నప్ప అని గుళ్ళో పెట్టి దణ్ణం పెడతాం. ఆయన బతికుండగా ఇచ్చాడు, మనం పోయాక ఇవ్వడానికి జన్మల లెక్కలు!

ఇంట్లో ఎవరైనా పోయిన టైమ్‌లో చెయ్యాల్సింది ఇంతే. ఫ్యాను ఆపాలి, గాలికి కార్నియా ఎండిపోతుంది. రెప్పలు మూసి తడి దూది పెట్టాలి. తల కింద దిండు పెట్టాలి. ఫోన్ చెయ్యాలి. వాళ్ళొచ్చి పావుగంటో ఇరవై నిమిషాలో పని చేసుకుని వెళ్తారు, మొహం మారదు.

నేను నా కార్డు చింపేసి, ఐ బ్యాంక్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించా, గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన. మా అమ్మ చూసి "శుభమా అని ఇంట్లో ఇదేంట్రా" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు ఇడ్లీ వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అడిగింది, "శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళవి కూడా తీసుకుంటారా?"

తీసుకుంటారమ్మా. షుగరున్నా, బీపీ ఉన్నా, కళ్ళజోడున్నా తీసుకుంటారు.

ఇక తిట్టండి, కామెంట్లు ఓపెన్.