హాల్లో నలుగురు, ఆట ఒకటే

శ్రోతలకు నమస్కారం.

మొన్న దసరా సెలవులకి మా అక్క పిల్లలిద్దరూ అనంతపురం నుంచి బెంగళూరు వచ్చారు. మారతహళ్లిలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మా ఇద్దరితో కలిపి నలుగురు పిల్లలు, మూడు ల్యాప్‌టాప్‌లు, ఎస్పీ రోడ్డులో పార్టులు ఏరి తెచ్చి బిగించిన పాత కంప్యూటరు ఒకటి. మావాడు దాచుకున్న డబ్బులతో కొన్న కార్ల పందెం ఆట అందరూ కలిసి ఆడదామని కూర్చున్నారు. తీరా చూస్తే ఎవరి ఆట వాళ్లే కొనుక్కోవాలట.

"మామా, మాక్కూడా కొనియ్యి" అన్నాడు మేనల్లుడు.

వెయ్యి రూపాయల ఆటకి నాలుగు వేలు! అదీ ఒకే హాల్లో, ఒకే వైఫై కింద. చివరికి అటక మీది క్యారమ్ బోర్డు దించాను. దానికి కాస్త పౌడరు చల్లితే చాలు, నలుగురూ ఆడొచ్చు.

ఆట కొన్నాం అంటాం గానీ, నిజానికి మనకు దక్కేది ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. దాన్నే లైసెన్సు అంటారు. అది మనిషికొకటా, ఇంటికొకటా అన్నదే పేచీ. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ ఆటలో ఒక్క సీడీ కొంటే, పక్క కంప్యూటర్లలో కూడా కలిసి ఆడుకునే కాపీ ఎక్కించుకునే వీలుండేది. ఒంటరిగా ఆడాలంటే మాత్రం సొంత సీడీ కొనాల్సి వచ్చేది. ఎంత మర్యాదైన ఏర్పాటో చూడండి! 2010లో రెండో భాగం వచ్చేసరికి, ఇంట్లో కంప్యూటర్లను నేరుగా కలుపుకుని ఆడే వీలే తీసేశారు. కంపెనీలకు దొంగ కాపీల భయం. అది ఉత్త భయమేం కాదు. ఒకప్పుడు ఫుట్‌పాత్ మీద దొంగ సీడీలు కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

2024లో, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ వాళ్లు కుటుంబ పద్ధతి ఒకటి తెచ్చారు. ఒకే ఇంట్లోని ఆరుగురి దాకా ఆటలు పంచుకోవచ్చు. ఒకరు ఒక ఆటలో ఉండగా ఇంకొకరు వేరేది ఆడొచ్చు. కానీ ఒకే ఆట ఇద్దరు కలిసి ఆడాలంటే రెండు కాపీలు కావాలి. ఇంకో మెలిక కూడా ఉంది. మీ కాపీతో ఆడుతూ మీ తమ్ముడు మోసం చేసి దొరికితే, ఆ ఆటలో నిషేధం మీకూ పడుతుంది.

2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూ దారి వేరు. అది ఇద్దరు కలిసి ఆడాల్సిన ఆట. ఒకరు కొంటే చాలు, రెండోవారు వేరే ఊళ్లో ఉన్నా ఫ్రెండ్స్ పాస్ తీసుకుని ఉచితంగా చేరొచ్చు. అయినా ఆ సంవత్సరం పెద్ద అవార్డులు దానికే వచ్చాయి.

అన్నీ ఉచితంగా ఇమ్మని నేను అడగను. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడితే కంపెనీ సర్వర్లు నడపాలి, దానికి ఖర్చుంటుంది. కానీ హాల్లో కూర్చున్న పిల్లల మధ్య నడిచే ఆటకి రెండో కాపీ నుంచి ఒక్కోటీ పావు ధరకిస్తే కంపెనీకి పోయేదేమిటి? నాలుగు వేలంటే నేను ఒక్కటీ కొనను. పదిహేడొందల యాభై అంటే కొంటాను.

ఈలోగా ఆట పేజీలో స్ప్లిట్ స్క్రీన్ అనో, లోకల్ కో-ఆప్ అనో ఉందా అని చూసి కొంటున్నాను. అంటే ఒక్క కాపీతో ఒకే తెర మీద కలిసి ఆడొచ్చని. సంక్రాంతికి పిల్లలు మళ్లీ వస్తున్నారు. అలాంటి ఆట ఒకటి తెచ్చిపెట్టాను. కంట్రోలర్లు రెండే ఉన్నాయి, వంతుల సంగతి వాళ్లే తేల్చుకోవాలి.