పట్టా చేతికొచ్చాక, ఊరు ఖరారు కాకముందు

సభలోని పెద్దలకు, ఈ ఏడాది చదువు ముగించుకుంటున్న మిత్రులకు, వారి జీవిత భాగస్వాములకు వందనాలు.

ఎక్కడ స్థిరపడతామో ఇంకా తేలని దంపతులతో విశ్వాసం గురించి మాట్లాడమని నన్ను కోరారు. ఒంటరిగా ఉన్నవారికి ఉద్యోగం కుదరకపోతే ఆ బెంగ ఒక్కరిదే. దంపతుల్లో ఒకరికి ఉద్యోగం వచ్చి మరొకరికి రాకపోవచ్చు, ఇద్దరికీ వచ్చినా వేర్వేరు నగరాల్లో రావచ్చు, ఒకరి పరిశోధన ఇంకా మిగిలి ఉండగానే రెండోవారు వెళ్లి చేరవలసిన తేదీ దగ్గరపడవచ్చు. అప్పుడు "భారం దేవుని మీద వేయండి" అన్న మాట నిజమే అయినా, అద్దె ఇంటి గడువు ముగిసేలోపు ఏం చేయాలో అది చెప్పదు. అనుకున్నది అనుకున్నట్టు జరిగి తీరుతుందన్న ధీమానే విశ్వాసమని చాలామంది భావిస్తారు. ఏదీ తేలని కాలంలోనూ చేతనైన పని చేయనిచ్చేదే విశ్వాసమని నేను లేఖనాలను చదివి అర్థం చేసుకున్నాను.

పట్టా అందుకున్న వారికి శుభాకాంక్షలతో పాటు తరచుగా అందే వచనం బైబిలులోని యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలోని 11వది. మీ విషయమై నా ఉద్దేశాలు మేలుకే గాని కీడుకు కావని, మీకు నిరీక్షణ ఉందని దేవుడు అక్కడ అంటాడు. ఆ మాట ఏ సందర్భంలోనిదో మాత్రం శుభాకాంక్షల కార్డు మీద ఉండదు. క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుండి బబులోనుకు చెరగొనిపోయిన వారికి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది. దానికి ముందరి అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో ప్రకటించాడు. వినడానికి ఎంతో బాగున్న ఆ ప్రవచనం అబద్ధమని, పట్టేది 70 ఏళ్లని యిర్మీయా చెప్పవలసి వచ్చింది. 11వ వచనంలోని వాగ్దానం ఆ 70 ఏళ్ల లెక్క వెంటనే వస్తుంది. దానికి ముందున్నవి ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్న ఆజ్ఞలు. తాము కోరుకోని ఊళ్లో, ఎన్నాళ్లు ఉండాలో తెలిసీ తెలియని స్థితిలో ఉన్నవారికి ఇచ్చిన పని ఇది. ఎలాగూ ఏడాదిలో వెళ్లిపోతామని పక్కింటివారి పేరు కూడా తెలుసుకోకుండా రోజులు గడిపే యువదంపతులకు ఈ భాగం 11వ వచనం కంటే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఊళ్లు మారిన దంపతులంటే నాకు ముందుగా గుర్తొచ్చేది కొత్త నిబంధనలోని భార్యాభర్తలు అకుల, ప్రిస్కిల్ల. అకుల పుట్టింది పొంతులో. యూదులు రోమా విడిచి వెళ్లాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు, ఆ ఆజ్ఞను సాధారణంగా క్రీస్తుశకం 49 నాటిదిగా లెక్కిస్తారు, వారు కొరింథు చేరారు. అక్కడి నుండి అపొస్తలుడైన పౌలుతో కలిసి ఎఫెసుకు వెళ్లారు, కొంతకాలానికి రోమాలోనే మళ్లీ కనిపిస్తారు. ఈ ప్రయాణాల్లో దేనికీ వారికి దర్శనం కలిగినట్టు లేఖనం చెప్పదు. మొదటిది ప్రభుత్వం వెళ్లగొట్టడం వల్ల జరిగింది. కొరింథులో పౌలు వారింట దిగడానికి అపొస్తలుల కార్యములు చెప్పే కారణం మరీ మామూలుది: ముగ్గురిదీ డేరాలు కుట్టే వృత్తే. ఏ ఊరు వెళ్లినా చేతిలో ఉన్న పని వారి వెంట వెళ్లింది, ఎఫెసులోనూ రోమాలోనూ సంఘం వారింట కూడుకుంది. వారి ప్రస్తావన కొత్త నిబంధనలో ఆరుసార్లు వస్తే ఆరుసార్లూ ఇద్దరి పేర్లూ కలిసే ఉంటాయి, నాలుగింట ప్రిస్కిల్ల పేరే ముందుంటుంది. దేవుడు తమను ఫలానా నగరానికే పిలిచాడో లేదో తేలక నిద్రపట్టని వారికి ఈ జంట చరిత్ర ఊరటనిస్తుందని నా నమ్మకం, ఎందుకంటే పిలుపు స్పష్టంగా వినిపించాకే కదలాలన్న నియమం ఇందులో ఎక్కడా లేదు.

పిలుపు స్పష్టంగా విన్న ఇంటిలోనూ చిక్కు తప్పలేదు. అప్పటికి అబ్రామనే పేరున్న అబ్రాహాము 75 ఏళ్ల వయసులో హారాను నుండి బయలుదేరాడు. ఎక్కడికి వెళుతున్నాడో తెలియకుండానే వెళ్లాడని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, అతణ్ణి మెచ్చుకుంటుంది. భార్య శారయిని అడిగాడో లేదో ఆదికాండము చెప్పదు. అదే అధ్యాయంలో కరువు వచ్చి ఐగుప్తుకు వెళ్లినప్పుడు అతడు ప్రాణభయంతో ఆమెను చెల్లెలిగా చెప్పమంటాడు, ఆమెను ఐగుప్తు రాజైన ఫరో ఇంటికి తీసుకుపోతారు. భర్త భయానికి మూల్యం భార్య చెల్లించింది. "దేవుడు నాతో చెప్పాడు" అని భార్యాభర్తల్లో ఎవరైనా చర్చను ముగించేస్తుంటే నాకు ఈ ఘట్టమే తలపుకొస్తుంది. ఆ మాట అన్నాక రెండోవారు కాదంటే దేవుణ్ణే కాదన్నట్టవుతుంది. అందుచేత ఊరు మారే నిర్ణయంలో ఎవరు ఏం వదులుకుంటున్నారో ముందు పైకి చెప్పుకోవాలి: ఉద్యోగమా, వృత్తిలో కొన్నేళ్లా, తల్లిదండ్రులకు దగ్గరగా ఉండటమా. రెండోవారికి పని దొరకకపోతే ఎన్ని నెలలు చూడాలి, ఆ తర్వాత ఎవరి అవకాశాన్ని బట్టి కదలాలి అన్నదీ బయలుదేరకముందే మాట్లాడుకోవాలి. ఇలా లెక్క వేసుకోవడం అవిశ్వాసమని కొందరంటారు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది యేసే.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ఒకరి జీతంతో ఇద్దరూ నడవవలసిన నెలల్లో, సంపాదించేవారి పేర ఉన్న ఖాతా నుండి రెండోవారు ప్రతిసారీ అడిగి తీసుకోవలసిన పరిస్థితి రానివ్వకండి.

సంఘ పెద్దలతోనూ ఒక మాట. ఈ దంపతులు ఎదురైనప్పుడల్లా "ఏమైనా తేలిందా?" అని అడగకండి, తేలితే వారే చెబుతారు. వారు వెళ్లే నగరంలో మీకు తెలిసిన సంఘం ఉంటే ఆ కాపరికి ఫోను చేసి, ఇల్లు దొరికేదాకా వీరికి బస చూపగలరా అని ఇప్పుడే అడగండి.